పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కొంటున్నారా? ఒక్క అక్షరం చూసుకోండి!

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పుతో మొదలుపెడతాను.

నాకు తెలిసిన తమ్ముడు ఒకడున్నాడు. కృష్ణానగర్‌లో రూమ్, ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎడిటర్ దగ్గర అసిస్టెంట్. పగలంతా ఆఫీస్, రాత్రి రూమ్‌లో సొంత షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్. ల్యాప్‌టాప్ పాతది. ఐ5-4200యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్. టైమ్‌లైన్ మీద నాలుగు క్లిప్పులు పడితే చాలు, హ్యాంగ్.

ఒక రోజు ఫోన్ చేసి, "అన్నా, సోమవారం మా సార్‌కి కట్ చూపించాలి. ర్యామ్ ఏది కొనాలి?" అన్నాడు. నేను వేరే పనిలో ఉన్నా. "డీడీఆర్3 8 జీబీ తీసుకోరా, అయిపోద్ది" అనేశా.

వాడు నా మాట నమ్మి కొన్నాడు. పెట్టాడు. పవర్ లైట్ వెలిగింది, స్క్రీన్ మాత్రం నలుపు. షాప్‌కి వెళ్తే "సీల్ తీశాక వాపస్ ఉండదు" అన్నారు. ఆ డబ్బు వాడి మెస్ బిల్లుది. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి కూడా నేను ఒక్క అక్షరం చెప్పడం మర్చిపోయాను: ఎల్.

సో, ఆ తప్పు మీరు చేయొద్దు. వరుసగా చూద్దాం.

మొదటిది, అసలు ర్యామ్ మార్చగలమా లేదా. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీకి వెళ్లండి. ఎన్ని స్లాట్స్ వాడుతున్నారో, స్పీడ్ ఎంతో అక్కడే ఉంటుంది. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే తీసి మార్చే రకం. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది బోర్డుకే సోల్డర్ చేసింది, తీయలేం. అయినా ఒకసారి వెనక మూత తీసి ఖాళీ స్లాట్ ఉందేమో కళ్లతో చూడండి.

రెండోది, జనరేషన్. డీడీఆర్3 సోడిమ్‌కి 204 పిన్స్, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. మధ్యలో గాడి ఉండే చోటు కూడా వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు, బలవంతంగా నొక్కొద్దు.

మూడోది, అసలు ట్రాప్ ఇదే. డీడీఆర్3కి 1.5 వోల్టులు కావాలి, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో నడుస్తుంది. రెండింటికీ పిన్స్ ఒకటే, గాడి ఒకటే, నీట్‌గా కూర్చుంటాయి! కానీ మా వాడిది 4వ జనరేషన్ ఇంటెల్. దానికి ఎల్ రకమే కావాలి. ఈ తేడా మీద టాస్క్ మేనేజర్‌ని నమ్మొద్దు. పాత ర్యామ్ తీసి స్టిక్కర్ చదవండి. పీసీ3ఎల్ అని ఉందా, ఉత్త పీసీ3 అని ఉందా? పీసీ3ఎల్-12800 అంటే 1600 స్పీడ్ ఉన్న ఎల్ ర్యామ్ అన్నమాట.

నాలుగోది, లిమిట్. ఇంటెల్ వెబ్‌సైట్‌లో మీ ప్రాసెసర్ నంబర్ కొట్టండి. 4200యూకి గరిష్ఠం 16 జీబీ అని ఉంటుంది. అంటే స్లాట్‌కి 8 చొప్పున. ఒకే స్లాట్‌లో 16 పెడదామంటే ఈ జనరేషన్‌లో కుదరదు. 8 జీబీ స్టిక్ మీద కూడా 2ఆర్‌ఎక్స్8 అని ఉందో లేదో చూడండి. 1ఆర్‌ఎక్స్8 అంటే పెద్ద చిప్స్ వాడింది, 4వ జనరేషన్ దాకా ఉన్న ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు వాటిని గుర్తించవు. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ కూడా చూడండి, కంపెనీ అంతకన్నా తక్కువ లిమిట్ పెట్టి ఉండొచ్చు.

స్పీడ్ గురించి టెన్షన్ వద్దు. రెండు వేరు వేరు స్పీడ్‌లు పెడితే రెండూ తక్కువ స్పీడ్‌లో నడుస్తాయి, అంతే.

ఇవన్నీ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్‌లో మెట్రో ఎక్కితే, మారకుండా ప్యారడైజ్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి పార్క్‌లేన్‌లో సీటీసీ దగ్గరే. ల్యాప్‌టాప్ కూడా తీసుకెళ్లండి. "ఇక్కడే పెట్టి ఆన్ చేసి చూపించండి, తర్వాతే డబ్బులిస్తా" అని ముందే అడగండి. మొహమాటం వద్దు, డబ్బు మీది. ఇంటికొచ్చాక విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ ఒకసారి రన్ చేయండి.

ఇక మా తమ్ముడి సంగతి. రెండో ర్యామ్ నేనే కొనిచ్చా, తప్పు నాది కదా. పాత 4, కొత్త 8 కలిపి 12 జీబీ చూపించింది. మొదటిది కూడా వేస్ట్ కాలేదు. మా ఫ్రెండ్ దగ్గర 2వ జనరేషన్ ల్యాప్‌టాప్ ఉంది, దానికి 1.5 వోల్టుల ర్యామ్ సరిపోతుంది, హాయిగా పనిచేస్తోంది.

ర్యామ్ పెంచినంత మాత్రాన ప్రాసెసర్ కొత్తదైపోదు. 4కే ఫుటేజ్ ఇప్పటికీ వాడి ల్యాప్‌టాప్‌కి బరువే, ప్రాక్సీలు చేసుకునే ఎడిట్ చేస్తున్నాడు. కానీ హ్యాంగ్ అవ్వట్లేదు. సోమవారం కట్ చూపించాడు. వాళ్ల సార్ రెండు షాట్లు తీసేయమన్నారట. ల్యాప్‌టాప్ గురించి మాత్రం ఏమీ అడగలేదట!

మీ ల్యాప్‌టాప్ మోడల్, ర్యామ్ స్టిక్కర్ మీద ఉన్నది కామెంట్‌లో పెట్టండి. ఈసారి పూర్తిగా చదివాకే జవాబిస్తా, ప్రామిస్. ఉంటా మరి, బాయ్!