గిటారు: సభావేదికపైనా, రోగి మంచం పక్కనా
(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు బడి ఉత్సవంలో గిటారు ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చును. 1880లో జాన్ టేలర్ సంస్థ అడుగుపెట్టిన నాటి నుండి మన బంగారు గనుల ఊరు అనేక జాతుల సంగీతాన్ని విన్నది. చిత్తూరు సీమ నుండి వచ్చిన కార్మికుల భజనలు ఒక వీధిలో, ఆంగ్లో ఇండియన్ల నాట్యగీతాలు మరొక వీధిలో వినిపించేవి. కనుక గిటారు మనకు పరాయిది కాదు.

జాజ్ సంగీతానికి ప్రాణం మన మనోధర్మం వంటిదే. అయితే ఒక భేదమున్నది. మన కల్పనస్వరం కదలని శ్రుతిపై నిలిచి రాగాన్ని విస్తరిస్తుంది. జాజ్‌లో కాలి కింది నేలవలె స్వరసంపుటులే మారుతూ ఉంటాయి. వాదకుడు ఆ మార్పులను అనుసరించి అప్పటికప్పుడు కల్పన చేయాలి. ఈ రెండు విద్యలను కలపబూనినవారిలో జాన్ మెక్‌లాఫ్లిన్ ముఖ్యుడు. ఆయన ఎస్. రామనాథన్ గారి వద్ద వీణ అభ్యసించి, 1970ల మధ్యలో ‘శక్తి’ బృందంలో వాయించారు. గమకం పలకడానికి తన గిటారు మెట్ల నడుమ కొయ్యను గుంటగా చెక్కించి, అడ్డంగా అనునాద తంత్రులు బిగింపజేశారు. తరువాతి కాలంలో అదే బృందం ‘రిమెంబర్ శక్తి’గా లేచినప్పుడు, ఆయన పక్కన మాండొలిన్ పట్టి కూర్చున్నది మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్! 1983లోనే బెర్లిన్ జాజ్ ఉత్సవంలో కర్ణాటక సంగీతం వినిపించిన ఆ బాలమేధావి 2014లో నలభై అయిదేళ్లకే అస్తమించడం తీరని లోటు. మనకు చేరువలోనే, బెంగళూరులో, ‘ఫిడేలు రాగాల డజన్’ కవి పఠాభి కుమారుడు కోణార్క్ రెడ్డి గిటారు వాద్యాన్నే తన విద్యగా స్వీకరించారు.

మరొక పేరు చెప్పక తప్పదు. 1928లో అగ్నిప్రమాదంలో జాంగో రైన్‌హార్ట్ ఎడమచేతి రెండు వేళ్లు వంకరపోయాయి. మిగిలిన రెండు వేళ్లతోనే ఆయన ఐరోపా జాజ్‌కు కొత్త బాణీ ఏర్పరచారు. యంత్రాల కింద వేళ్లు నలిగిన తండ్రుల బిడ్డలు ఈ సభలో ఉన్నారు గనుక ఈ మాట చెప్పాను.

ఇక రెండవ విద్య సంగీత చికిత్స. అమెరికాలో 1944లోనే మిషిగన్‌లో దీనికి కళాశాల శిక్షణ మొదలైనది. పియానోను వార్డులోకి మోసుకుపోలేము. గిటారు ఒడిలో పెట్టుకొని రోగి ముఖం చూస్తూ వాయించవచ్చును. చికిత్సకులకు గిటారు నేర్పేటప్పుడు కచేరీ వేగం లక్ష్యం కాదు. చూపు తంత్రులపై పెట్టక రోగిపై నిలపాలి. అతని గొంతు ఏ శ్రుతిలో పలుకుతుందో ఆ శ్రుతికి పాటను దించాలి. ముందుగా అతని శ్వాస, మనఃస్థితి ఎంత వేగంలో ఉన్నవో ఆ వేగంతోనే మొదలిడి, క్రమక్రమంగా నెమ్మదింపజేయాలి. అతడు అలసితే సగం చరణంలోనైనా ఆపగలగాలి. కచేరీ విద్వాంసునికి ఇది అన్నింటికన్న కష్టమని నా అభిప్రాయం. చప్పట్లకు అలవాటుపడిన చెయ్యి ఆగదు!

మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. రాతిధూళి మాత్రం కొందరి ఊపిరితిత్తులలో ఉండిపోయినది. సిలికోసిస్‌ను సంగీతం నయం చేయదు. చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. వైద్యుడు వైద్యుడే, మందు మందే. అయితే దీర్ఘకాలిక శ్వాసవ్యాధిగ్రస్తులను కూర్చుండబెట్టి, ఊపిరిని పొదుపుగా వాడుతూ పాడించే బృందాలు బ్రిటన్ వంటి దేశాలలో నడుస్తున్నవి. ఆయాసం వచ్చినప్పుడు కంగారు తగ్గిందని, ఒంటరితనం తీరిందని పాల్గొన్నవారిలో అనేకులు చెప్పుకున్నారు. అంతమాత్రమైనా మన పెద్దలకు దక్కవద్దా?

ఇక్కడే మన బడి అవసరం పడుతుంది. రోగికి పనికివచ్చేది అతడు యౌవనంలో పాడుకొన్న పాట. ఆ పాట మన వీధులలో కైవారం తాతయ్య తత్వమో, ఘంటసాల పాటో, తెలుగు క్రైస్తవ కీర్తనో అయి ఉంటుంది. ఎంత పెద్ద కళాశాలలో చదివిన చికిత్సకుడైనా ఆ మాటలు రాకపోతే మంచం పక్కన మూగవాడే. వాటిని కంఠస్థం చేసిన పిల్లలు ఈ తరగతులలో ఉన్నారు. ఏటేటా వారి సంఖ్య తగ్గుతున్నదని ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు.

అందుచేత నా విన్నపం ఇది. శనివారం సాయంత్రాలు ప్రార్థన మందిరం తెరచి ఉంచండి. పై తరగతుల పిల్లలకు నాలుగు స్వరసంపుటులు, పది తెలుగు పాటలు నేర్పుదాము. తాతలు, అమ్మమ్మలు వచ్చి కూర్చుంటారు. ఏ పాట కావాలో వారే చెబుతారు. వైద్యుని సలహా తీసుకొనే రమ్మనండి. మీ ఇళ్లలో మూలపడిన గిటారులు ఉంటే ప్రధానోపాధ్యాయుల గదిలో అప్పగించండి. తెగిన తంత్రుల ఖర్చు నాది.