సీటు తలుపు హైస్కూల్లోనే మూస్తున్నారు

(పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన పిల్లలకు పెద్ద కాలేజీలో సీటు రాకపోతే ఊళ్లో రెండు మాటలంటారు. ‘వాడికి బుర్ర లేదు’ అని ఒకటి. ‘రిజర్వేషనుంది గదా, ఇంకేం రోగం’ అని రెండోది. విని విని మనోళ్లు కూడా అదే అంటున్నారు. ఆ పిల్లవాడు హైస్కూల్లో ఏం చదివాడు, వాడికి ఎవరు చెప్పారు అని మాత్రం ఎవరూ అడగరు. ఈ రోజు మనం అదే అడగాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరానివాడికి సంస్కృతం చెప్పేది లేదన్నారు. గత్యంతరం లేక పర్షియన్ తీసుకున్నారు. 1907లో బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్ ప్యాసయ్యారు. అంటే బడి గేటు తీశారు గానీ లోపల ఒక తలుపు మూశారు. ఇవాళ ‘నీకు చెప్పం’ అని నోటితో ఎవరూ అనరు. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీగా పెడితే చాలు, ఆ పని అయిపోతుంది.

ఐఐటి సీటు ఎట్లా వస్తుందో చూడండి. ముందు జేఈఈ మెయిన్ రాయాలి. అందులో రెండున్నర లక్షల మందిని ఏరి జేఈఈ అడ్వాన్స్‌డ్‌కు రానిస్తారు. డాక్టరు సీటుకైతే నీట్. ఈ పరీక్షల సిలబస్ ఇంటర్ రెండేళ్లదేనని కాగితం మీద ఉంటుంది. కానీ పట్నంలో డబ్బున్నోళ్లు ఇంటర్ దాకా ఆగుతున్నారా? ఐఐటి ఫౌండేషన్, ఒలింపియాడ్, టెక్నో అని బోర్డులు పెట్టి ప్రైవేటు బళ్లు ఆరో తరగతి నుంచే రుద్దుతున్నాయి. వాళ్ల పిల్లలు ఇంటర్లో చేరేసరికి ఆ పాఠాలు చాలావరకు ఒకసారి వినే ఉంటారు. మన పిల్ల ఆ రోజే మొదటిసారి వింటుంది, అదీ లెక్చరరు ఉంటే. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటారు. నాలుగైదేళ్లు ముందు బయలుదేరినోడు ముందు చేరితే దానికి ‘మెరిట్’ అని పేరు పెడతారు!

భాష సంగతి చూడండి. నీట్, జేఈఈ మెయిన్ తెలుగులో రాయొచ్చు. ఐఐటి సీటు తేల్చే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. తెలుగు మీడియంలో చదివిన కూలోళ్ల బిడ్డకు లెక్క వచ్చు. ప్రశ్నే అర్థం కాకపోతే ఆ లెక్క ఎక్కడ చేసి చూపాలి?

రిజర్వేషన్లు ఎవరి దయా కాదు. 1951లో మద్రాసు రాష్ట్రంలో – మన ఆంధ్ర జిల్లాలు అప్పుడు అందులోనే ఉన్నాయి – మెడికల్, ఇంజనీరింగ్ సీట్లలో కులాలవారీ వాటాను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఏడే రాజ్యాంగాన్ని సవరించి 15(4) పెట్టారు. అప్పుడు న్యాయమంత్రి బాబాసాహెబే. అయినా ఐఐటిల్లో మన వాటా 1973లో గానీ రాలేదు. ఆ వాటాను కాపాడుకోవాలి. అయితే వాటా సీటునే కాపాడుతుంది, పాఠం చెప్పదు. ఆ వాటా లోపల కూడా కోచింగు కొనగలిగినోళ్ల పిల్లలే ముందుంటున్నారు. కూలికి పోయే ఇంటి బిడ్డ వెనకే ఉండిపోతోంది.

దీన్ని మార్చలేరా? మార్చొచ్చు. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువుకు సీట్లిచ్చారు. సర్కారు బడి పిల్లలకు అదనపు పాయింట్లు కలిపారు. తమిళనాడు 2020లో చట్టం చేసి మెడికల్ సీట్లలో సర్కారు బడి పిల్లలకు 7.5 శాతం ఇచ్చింది. హైదరాబాదు పక్కన గౌలిదొడ్డి సాంఘిక సంక్షేమ గురుకులం నుంచి మన పిల్లలు ఐఐటిలకూ మెడికల్ కాలేజీలకూ వెళ్లారు. ఆ పిల్లలకు కొత్త బుర్రలేం పుట్టలేదు. పంతుళ్లు, పుస్తకాలు, వేళకు తిండి, చదువుకునే తీరిక ఇచ్చారు. గౌలిదొడ్డిలో ఇచ్చింది మన మండలంలో ఎందుకివ్వరు?

ఇంటికెళ్లి మాట్లాడుకోవాల్సిన సంగతొకటి. పదో తరగతి అయ్యాక తీసుకునే గ్రూపు బతుకును మలుపు తిప్పుతుంది. ఎంపీసీ ఇంజనీరింగ్ వైపు, బైపీసీ డాక్టరు వైపు తీసుకుపోతాయి. సీఈసీ, హెచ్ఈసీలో చేరితే ఆ రెండు దారులూ మూసుకుంటాయి. ఆర్ట్స్ గ్రూపులు తక్కువవేం కావు, వకీళ్లూ కలెక్టర్లూ అక్కణ్నుంచీ వస్తారు. ఇష్టపడి చేరితే మంచిదే. ‘మీ వాడికి లెక్కలెందుకురా’ అని ఎవరో అన్నారని మాత్రం చేర్చొద్దు. పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరినా, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏట్లో చేరొచ్చు. వడ్డీకి తెచ్చి కార్పొరేట్ కాలేజీలో పడేసి, ర్యాంకు రాలేదని బిడ్డను తిట్టకండి. ఆ తప్పు బిడ్డది కాదు.

సంఘం తమ్ముళ్లూ, మీ పని ఇది. మన హైస్కూల్లో లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు పోస్టులు ఎన్ని, ఖాళీలెన్ని? జూనియర్ కాలేజీలో ఎంపీసీ, బైపీసీ ఉన్నాయా? ల్యాబు తాళం తీస్తున్నారా? 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. వచ్చిన జవాబును వాడలో అందరికీ చదివి వినిపించండి. ఆ కాగితం పట్టుకుని అమ్మల్నీ అయ్యల్నీ వెంటబెట్టుకుని విద్యాశాఖ ఆఫీసు ముందు కూర్చోండి. సాయంత్రం పూట మన కమ్యూనిటీ హాల్లో ఎనిమిదో తరగతి నుంచే పిల్లలకు లెక్కలు చెప్పండి. డిగ్రీ చదివినోళ్లు వాడకు ఒక్కరున్నా చాలు, మొదలుపెట్టొచ్చు.

దళితుల మీద దాడి జరిగితే రోడ్డెక్కుతాం. లెక్కల మాస్టారి పోస్టు మూడేళ్లు ఖాళీగా ఉండటం కూడా మన మీద దాడే. దానికీ రోడ్డెక్కుదాం.

జై భీమ్.