మోకాలి సూదికి అప్పు రాసే ముందు



ఈ ఏడు మా సంఘాల్లో మోకాళ్ల నొప్పులకని అప్పు అడిగినవాళ్లు ఎక్కువయ్యారు. నాట్లు, కలుపులు, బరువులు మోయడం, వీటితోనే కదా మన బతుకు. "సూది వేస్తే అరిగిన గుజ్జు మళ్లీ పెరుగుతుందట" అని వేలకు వేలు రాయమంటున్నారు. అందుకే మేము తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాం.

ఆ సూదిని పీఆర్‌పీ అంటారు. మన చేతి రక్తమే తీసి, మిషన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మోకాలి కీల్లోకి ఎక్కిస్తారు. కొందరికి కొన్ని నెలలు నొప్పి తగ్గుతుంది. గుజ్జు పెరుగుతుందని మాత్రం రుజువు కాలేదు. ఆస్ట్రేలియాలో 288 మందిలో కొందరికి ఈ సూది, మిగతావాళ్లకు ఉత్త ఉప్పునీటి సూది, వారానికొకటి చొప్పున మూడేసి వేశారు. ఏడాది తరువాత చూస్తే రెండు వైపులా నొప్పి కొంత తగ్గింది. నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ ఫలితం 2021లో వచ్చింది.

మూలకణాల సూది సంగతి ఇంకా జాగ్రత్త. మోకాళ్లకు దాన్ని మామూలు వైద్యంగా డబ్బు తీసుకుని చేయడానికి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు ఒప్పుకోవు. స్టెరాయిడ్ సూది వేరు. అది కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది గానీ, షుగరున్నవాళ్లకు షుగరు పెరగొచ్చు. ముందే డాక్టరుకు చెప్పాలి.

సూది వద్దని మేము ఎవరికీ చెప్పడం లేదు. పడేవాళ్లకే తెలుసు ఆ నొప్పి. కానీ నొప్పి తగ్గినా తగ్గకపోయినా వాయిదా మాత్రం కట్టాల్సిందే, ఒకరు కట్టలేకపోతే భారం సంఘమంతటి మీదా పడుతుంది. అందుకే అప్పు రాసే ముందు నాలుగు సంగతులు అడగాలని తీర్మానం రాసుకున్నాం. ఎక్స్‌రే తీశారా? ఇంకో ఎముకల డాక్టరుకు చూపించారా? మొత్తం ఎన్ని సూదులు, ఎంత ఖర్చు, కాగితం మీద రాసిచ్చారా? తొడ కండకు బలమిచ్చే వ్యాయామం చేసి చూశారా?

ఆ వ్యాయామానికి పైసా ఖర్చు లేదు. కుర్చీలో కూర్చుని కాలు చాపి, అయిదు లెక్కపెట్టి దించాలి. ఒళ్లున్నవాళ్లు ఒక్క కిలో తగ్గినా, వేసే ప్రతి అడుగులో మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మా సమావేశాల్లో ఇప్పుడు పెద్దక్కలను చాప మీద కూర్చోబెట్టడం లేదు, కుర్చీలు వేస్తున్నాం. లెక్కలు మొదలయ్యే ముందు అందరం పది సార్లు కాళ్లు చాపుతున్నాం. మీ సంఘాల్లోనూ మొదలుపెట్టమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.