కాగితం ఏ భాషలో ఉంది?



అమెరికాలో మెక్సికో మూలాలున్న శ్రమజీవులు, ఎదుటోడు ఈసడింపుగా అన్న 'చికానో' అనే మాటనే తలెత్తుకుని తమ పేరు చేసుకున్నారు. 1994లో దండోరా వేసి మనోళ్లు పేరు పక్కన 'మాదిగ' అని రాసుకున్నట్టే.

1968 మార్చిలో తూర్పు లాస్ ఏంజెలెస్ పేటల్లో వేలమంది పిల్లలు బడి విడిచి రోడ్డెక్కారు. మా చరిత్ర పుస్తకంలో ఎందుకు లేదని నిలదీశారు. 1969లో ఆ నగర విశ్వవిద్యాలయంలో చికానో పరిశోధనా కేంద్రం వచ్చింది.

ఈ చదువుకీ ఆడోళ్ల ఒంటికీ ఏం సంబంధం అంటారా? వినండి. అదే ఊళ్లో సర్కారు పెద్దాసుపత్రిలో పురిటి నొప్పులు పడుతున్న స్పానిష్ తల్లుల చేత ఇంగ్లీషు కాగితాల మీద సంతకాలు పెట్టించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. పదిమంది తల్లులు కోర్టుకెక్కారు. వాళ్ల వకీళ్లలో ఒకరు ఆంటోనియా హెర్నాండెజ్. మెక్సికోలో పుట్టి, ఆ విశ్వవిద్యాలయంలోనే లా చదివిన ఆడబిడ్డ. 1978లో జడ్జి, ఒకరి మాట ఒకరికి అర్థంకాక జరిగిందంటూ డాక్టర్లను వదిలేశాడు. కేసు ఓడినా ఆ అలజడితో స్పానిష్‌లో కాగితాలొచ్చాయి. 1979లో కాలిఫోర్నియా పాత ఆపరేషన్ల చట్టం రద్దయింది.

1993లో చికానో చదువుకు విడిగా శాఖ ఇవ్వమంటే ఆ విశ్వవిద్యాలయం కాదంది. విద్యార్థులు 14 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రత్యేక కేంద్రం సాధించారు. 2005లో అది శాఖ అయింది.

మన పిల్లలు యూనివర్సిటీకి పోవాలి, మన బతుకు మనమే రాయాలి. అందాకా ఆసుపత్రిలో ఎవరు సంతకం అడిగినా, తెలుగులో చదివి చెప్పందే వేలు కదపకండి.

జై భీం!