కోడి మేతలో విషపు కలుపు గింజలు
(ప్రసంగ పాఠము)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో మక్కజొన్న పండించువారును, ఇంటివద్ద కోళ్ళు పెంచువారును చాలమంది ఉన్నారు. కల్లము నుండి కోళ్ళ దొడ్డికి మక్కలతోపాటు ఇంకేమి చేరుచున్నదో మనము సాధారణముగా చూడము. నేడు ఆ సంగతినే చెప్పెదను.

గట్లమీదను, కల్లపు అంచులలోను పెరుగు కలుపు మొక్కలలో మూడింటిని ముఖ్యముగా గుర్తించవలెను. పసుపు పూలు, సన్నని పొడుగు కాయలు గలది కసింద. ముండ్ల కాయలు గలది ఉమ్మెత్త. దాని ఒక్కొక్క కాయలో వందలకొలది గింజలుండును. ముండ్ల ఆకులు, పసుపు పాలు గలది బ్రహ్మదండి. దాని గింజలు ఆవాలను పోలియుండును. ఈ మూడింటి గింజలును విషమే. ఆముదము నూర్చిన కల్లములోనే మక్కలు ఆరబోసినచో ఆముదపు గింజలును కలియును. అవియు విషమే.

పెరటిలో తిరుగు కోడి తనకు నచ్చని గింజను వదలివేయగలదు. కాని మక్కలతో కలిపి పిండిచేసిన మేతలో దానికి ఏరుకొను వీలేది? 100 కిలోల మేతలో ఒక కిలో కసింద గింజలు చేరినను కోడిపిల్లల ఎదుగుదల తగ్గినట్లు ప్రయోగములలో తేలినది. కసింద విషము కండరములను చెరచును. కోడి కాళ్ళలో బలము తగ్గి తూలును, బరువు తగ్గును, గ్రుడ్లు తగ్గును. ఉమ్మెత్త గింజలు కలిసిన మేతను కోళ్ళు సరిగా తినవు.

ఇట్టి లక్షణములు చూడగానే కొక్కెర తెగులని తొందరపడరాదు; అది కాదని నిర్లక్ష్యము చేయనురాదు. క్రొత్త మేత మొదలుపెట్టిన తరువాతనే జబ్బు కనబడినదా, ఆ మేత తిన్న కోళ్ళకే వచ్చినదా అని విచారింపుడు. అనుమానము కలిగిన వెంటనే ఆ మేతను ఆపి, చచ్చిన కోడిని, దోసెడు మేతను పశువైద్యునికి చూపుడు.

కసింద మనుష్యులకును ప్రమాదకరమే. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో ఎందరో పిల్లలు మెదడు జబ్బుతో మరణించినప్పుడు, జపనీస్ మెదడువాపుతోపాటు కసింద గింజలు తినుట కూడ ఒక కారణమని నిపుణులు అభిప్రాయపడిరి.

చేయవలసిన పని కష్టమైనది కాదు. ఈ మొక్కలను కాయ పట్టకముందే పెరికివేయుడు. కల్లమును ఊడ్చి శుభ్రము చేసిన తరువాతనే మక్కలు పోయుడు. మక్కగింజ పైన నిలిచి, చిన్న గింజ జారిపోవు జల్లెడతో జల్లించుడు. పైన మిగిలిన ఆముదపు గింజలను చేతితో ఏరుడు.

ఒక్క మాట మరువకుడు. జల్లెడ క్రింద పడిన చెత్తను "కోళ్ళు తినునులే" అని పెరటిలో పోయుట మన ఇండ్లలో వాడుక. మేత నుండి తీసిన విషమును తిరిగి కోళ్ళకే పెట్టుట ఇదియే. పెంటకుప్పలో వేసినచో మరల పొలమునకే చేరి మొలచును. దానిని ఊరికి దూరముగా గుంటలో వేసి కాల్చుడు. పొగ తగులు చోట నిలువకుడు.

గంటసేపు జల్లెడ పట్టిన శ్రమ దొడ్డిలోని కోళ్ళను కాపాడును.