గోళ్ల మీద సంక్రాంతి ముగ్గు: ఇంట్లోనే నెయిల్ ఆర్ట్, నేను చేసిన తప్పుతో సహా

ఈరోజు ఎపిసోడ్ మీలో చాలామంది ఎప్పటినుంచో అడుగుతున్నదే. పార్లర్‌కి వెళ్లకుండా, మెషీన్లు కొనకుండా, ఇంట్లోనే గోళ్ల మీద డిజైన్లు ఎలా వేసుకోవాలి?

ఇదిగో, ముందు నా చెయ్యి చూడండి. బొటనవేలు మీద ఎర్రమట్టి అలికిన వాకిలి, దాని మీద తెల్ల ముగ్గు. ఉంగరం వేలు మీద ముద్దబంతి పువ్వు. మిగతా మూడు వేళ్లకీ డిజైన్ లేదు, వట్టి ఎరుపు. దీనికి వాడింది ఏంటంటే మామూలు నెయిల్ పాలిష్ సీసాలు, ఒక గుండుసూది, ఒక టూత్‌పిక్, పాడైపోయిన ఒక పాత బ్రష్. అంతే.

కానీ డిజైన్‌లోకి వెళ్లేముందు ఒక విషయం చెప్పాలి. ఎందుకంటే నేను నెయిల్ ఆర్ట్ మొదలుపెట్టింది డిజైన్‌తో కాదు, ఒక పెద్ద పొరపాటుతో.

మా అక్క నిశ్చితార్థానికి నాకు పొడుగు గోళ్లు కావాలనిపించింది. నావి చిన్నప్పటినుంచి కొరికి కొరికి మొండిగా ఉండేవి. ఆర్టిఫిషియల్ గోళ్ల ప్యాకెట్ ఒకటి తెప్పించాను. దానితో వచ్చిన జిగురు పట్టట్లేదు. టైం లేదు, బయట అందరూ రెడీ అయిపోతున్నారు. ఇంట్లో విరిగిన వస్తువులు అతికించే ఇన్‌స్టంట్ గమ్ ఉంటుంది కదా, అది రాసేసి పది గోళ్లూ అతికించేశాను. ఆ రోజు ఫోటోల్లో నా చేతులు చూసి నేనే మురిసిపోయాను.

మర్నాడు అవి ఊడట్లేదు. నేనేం చేశానంటే, లాగేశాను. బలంగా. పైన అతికించిన గోరుతో పాటు నా సొంత గోటి పైపొర కూడా లేచి వచ్చేసింది. నాలుగు వేళ్లకి గోరు కాగితంలా పల్చబడిపోయింది. వేడి అన్నం కలుపుకుంటే మంట. ఫోన్ టైప్ చేస్తే నొప్పి. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆయన మందు పెద్దగా ఏమీ రాయలేదు. "లేచిపోయిన పొర మళ్లీ అతుక్కోదమ్మా, కొత్త గోరు మొదట్నుంచి పెరిగి రావాల్సిందే" అన్నారు. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంటే మొత్తం గోరు మారడానికి దాదాపు 6 నెలలు.

ఆ 6 నెలలూ మా అమ్మ రోజూ రాత్రి పడుకునే ముందు నా వేళ్లకి కొబ్బరినూనె రాసేది. తిట్టలేదు. అదే ఇంకా బాధగా ఉండేది. మా అమ్మ టైలరింగ్ చేస్తుంది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. సూది దిగిన మచ్చలు, చీలిన బొటనవేలి గోరు, అలాంటి చేతులతో నా చేతులకి నూనె రాసేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

అందుకే నా మొదటి రూల్. ఇన్‌స్టంట్ గమ్ గోళ్లకి వద్దు. పొరపాటున అంటితే దాన్ని దూదితో తుడవకండి. ఆ గమ్ దూదికి తగిలితే వేడి పుట్టి చర్మం కాలే ప్రమాదం ఉంది. ఏది అతుక్కున్నా సరే, నానబెట్టి మెల్లగా తీయాలి తప్ప లాగకూడదు.

సరే, ఇక పనిలోకి వద్దాం.

ముందుగా గోళ్లు రెడీ చేసుకోవడం. పాత రంగు పూర్తిగా తీసేయండి. రిమూవర్‌లో ముంచిన దూదిని గోటి మీద పెట్టి ఒక పది సెకన్లు ఆగి, తర్వాత కిందికి తుడవండి. రుద్దక్కర్లేదు. ఇంకో మాట, రిమూవర్‌లో ఎక్కువగా ఉండేది అసిటోన్. అది ఇట్టే అంటుకుంటుంది, దాని ఆవిరి కూడా అంటుకుంటుంది. కాబట్టి వంటింట్లో స్టవ్ పక్కన, దేవుడి దగ్గర దీపం పక్కన కూర్చుని ఈ పని చేయకండి. కిటికీ తెరిచి పెట్టుకోండి.

ఫైల్‌తో గోరు అరగదీసేటప్పుడు ఒకే వైపుకి అరగదీయండి. రంపం కోసినట్టు అటూ ఇటూ లాగితే అంచు చీలుతుంది. గోరు మొదట్లో సన్నని చర్మం ఉంటుంది చూశారా, దాన్ని కత్తిరించకండి. క్రిములు లోపలికి పోకుండా కాపాడేది అదే. స్నానం చేశాక మెత్తగా ఉన్నప్పుడు టవల్‌తో మెల్లగా వెనక్కి నెడితే చాలు.

పొడుగు గోళ్లు ఉంటేనే నెయిల్ ఆర్ట్ అనుకుంటారు చాలామంది. మనం చేత్తో అన్నం కలుపుకుని తినేవాళ్లం. పొట్టి గోళ్లే మనకి సుఖం. ఈ డిజైన్ మొత్తం పొట్టి గోటి మీదే వేశాను.

తర్వాత బేస్ కోట్. అంటే రంగు లేని పాలిష్. దీన్ని మానేయకండి, ముఖ్యంగా ఎరుపు, మెరూన్ లాంటి ముదురు రంగులు వేసేటప్పుడు. బేస్ లేకపోతే ఆ రంగు గోటికి పట్టి పసుపుగా మారుతుంది. నేను చాలా రోజులు అది ఏదో జబ్బు అనుకుని భయపడ్డాను.

ఇప్పుడు అసలు రంగు. మా అమ్మమ్మ నెయిల్ పాలిష్‌ని ఇప్పటికీ "క్యూటెక్స్" అనే అంటుంది, అది ఒక కంపెనీ పేరని ఆవిడకి తెలీదు. మీ ఇళ్లల్లో కూడా అంతే కదా? ఎరుపంటే లిప్‌స్టిక్ ఎరుపు కాదు, ఇటుక ఎరుపు తీసుకోండి. పండక్కి అరుగుల మీద ఎర్రమట్టి పూస్తారే, తెలంగాణలో జాజు అంటారు, ఆ రంగు. తెల్ల ముగ్గు దాని మీదే తేలి కనిపిస్తుంది.

సీసాని గట్టిగా ఊపకండి, బుడగలు వస్తాయి. రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించండి. బ్రష్‌కి ఒక వైపు ఉన్న పాలిష్‌ని సీసా మూతికి తుడిచేయండి. మధ్యలో ఒక గీత, ఇటు ఒకటి, అటు ఒకటి. మూడు గీతల్లో గోరు అయిపోవాలి. చివర్లో గోటి అంచు మందానికి కూడా కొంచెం తగిలించండి. మనం గిన్నెలు తోమినా, బట్టలు ఉతికినా మొదట రంగు పోయేది ఆ అంచు దగ్గరే.

ఒక మందం కోటు కంటే రెండు పల్చటి కోట్లు మేలు. పాలిష్ ఆరడం అంటే అందులో ఉన్న సాల్వెంట్ గాలిలోకి ఎగిరిపోవడం. మందంగా వేస్తే పైన ఆరి కింద పచ్చిగా ఉండిపోతుంది. ఆరిందనుకుని దుప్పటి కప్పుకుంటే పొద్దున్నకి దుప్పటి నేత గోళ్ల మీద అచ్చు పడుతుంది. నాకు ఎన్నిసార్లు పడిందో!

రెండో కోటు అయ్యాక ఒక పదిహేను నిమిషాలు ఆగండి. రెండు గోళ్లని ఒకదానికొకటి చాలా తేలిగ్గా తాకించి చూడండి. అతుక్కున్నట్టు అనిపిస్తే ఇంకా ఆరలేదని అర్థం.

ఇక ముగ్గు. ఒక ప్లాస్టిక్ మూత మీద తెల్ల పాలిష్ రెండు చుక్కలు వేసుకోండి. గుండుసూది తలని అందులో ముంచి గోటి మీద నిటారుగా ఆనించి తీసేయండి. నొక్కకండి. ప్రతి చుక్కకీ మళ్లీ ముంచితే చుక్కలన్నీ ఒకే సైజులో వస్తాయి. ముంచకుండా వరసగా పెడితే పెద్దది, చిన్నది, ఇంకా చిన్నది అలా తగ్గుతూ వస్తాయి. అది కూడా ఒక డిజైనే, తర్వాత ఎప్పుడైనా వాడుకోండి.

బొటనవేలి గోటి మీద మూడు వరసలు, వరసకి మూడు చుక్కలు. మొత్తం తొమ్మిది. ముందు మధ్య చుక్క పెట్టండి, మిగతావి దాన్ని చూసి సర్దుకుంటాయి. వాకిట్లో ముగ్గు వేసే అమ్మాయిలకి ఇది చెప్పక్కర్లేదు. ఇప్పుడు పైన, కింద, కుడి, ఎడమ ఉన్న నాలుగు చుక్కల్ని లోపలికి వంగిన గీతలతో కలపండి. మధ్య చుక్క లోపల ఉండిపోతుంది, మూలల్లో నాలుగు చుక్కలు బయట ఉండిపోతాయి. అంతే, ముగ్గు అయిపోయింది. మెలికల ముగ్గు ఇంత చిన్న చోట మొదటిసారే ప్రయత్నించకండి, కలగాపులగం అయిపోతుంది.

గీతలకి సన్నని బ్రష్ కావాలి కదా. అయిపోయిన పాలిష్ సీసాలో బ్రష్‌ని రిమూవర్‌తో కడిగి, నాలుగైదు వెంట్రుకలు మాత్రం ఉంచి మిగతావి కత్తిరించేయండి. గీత వణుకుతోందా? మోచేతిని టేబుల్ మీద ఆనించండి, రెండు చేతుల చిటికెన వేళ్లని ఒకదానికొకటి ఆనించండి. అప్పుడు చేతులు రెండూ కలిసే కదులుతాయి, వణుకు తగ్గుతుంది.

ముద్దబంతి ఇంకా సులువు. ఉంగరం వేలు మీద పసుపు చుక్కలు గుండ్రంగా పెట్టండి, పూర్తిగా ఆరకముందే వాటి లోపల నారింజ చుక్కలు ఇంకో వరస, మధ్యలో ఒకటి. ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కినా పర్లేదు, ముద్దబంతి అంటేనే ముద్దగా ఉండాలి. పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టి టూత్‌పిక్ మొనతో బయటికి లాగితే ఆకు అవుతుంది.

మీ అందరి డౌట్ నాకు తెలుసు. ఎడమ చేతికి బాగానే వస్తుంది, మరి కుడి చేతి సంగతేంటి? దీనికి నా దగ్గర ఒక దారి ఉంది. ఒక మందపాటి ప్లాస్టిక్ కవర్ మీద రంగు లేని పాలిష్ గోరంత మేర రాయండి. ఆరాక దాని మీద కుడి చేత్తోనే ముగ్గు వేసేయండి, పైన ఇంకో కోటు రంగు లేనిది. రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున మెల్లగా ఊడదీస్తే స్టిక్కర్‌లా వస్తుంది. కుడి చేతి గోటికి పల్చగా పాలిష్ రాసి, పచ్చిగా ఉండగానే దాన్ని అతికించి, అంచులు రిమూవర్‌లో ముంచిన బ్రష్‌తో శుభ్రం చేయండి.

చివరగా టాప్ కోట్. డిజైన్ ఆరడానికి కనీసం పది నిమిషాలు ఇవ్వండి. బ్రష్‌కి ఎక్కువ పాలిష్ తీసుకుని, బ్రష్ వెంట్రుకలు డిజైన్‌కి తగలకుండా ఆ పాలిష్ బొట్టునే జార్చినట్టు ఒక్కసారి రాయండి. రెండోసారి అదే చోట రాశారో, మీ తెల్ల ముగ్గు అంతా గులాబీ రంగు అయిపోతుంది.

జెల్ పాలిష్ గురించి కూడా చాలామంది అడిగారు. నేను ఇంట్లో వాడట్లేదు. అందులో ఉండే రసాయనాలు లైట్ కింద పూర్తిగా గట్టిపడకుండా చర్మానికి పదే పదే తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వస్తే అది జీవితాంతం ఉండిపోవచ్చు, పైగా పళ్లకి వేసే కొన్ని ఫిల్లింగుల్లో కూడా అదే కుటుంబానికి చెందిన పదార్థాలు ఉంటాయి. నేర్చుకున్నవాళ్ల చేత వేయించుకోవడం వేరు, ఇంట్లో ప్రయోగం వేరు. ఇంకోటి, ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉన్నా, వేలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టాల్సి వచ్చినా ముందు గోళ్ల రంగు తీసేయండి. ముదురు రంగు ఉంటే ఆక్సిజన్ రీడింగ్ తప్పుగా చూపించవచ్చు.

సరే, ఇప్పుడు అమ్మ దగ్గరికి వస్తాను అన్నాను కదా.

పోయిన సంక్రాంతికి భోగి ముందు రోజు రాత్రి నేను ఇదే డిజైన్ వేసుకుంటున్నాను. అమ్మ మిషన్ దగ్గర ఉంది. పండగ జాకెట్లు, ఆ రోజుల్లో ఆవిడకి నిద్ర ఉండదు. దారం తెంపుతూ నావైపు చూసి, "మా చిన్నప్పుడు ఆషాఢంలో గోరింటాకు పెట్టుకునేవాళ్లం, వేళ్లకి టోపీలు పెట్టినట్టు. గోళ్ల మీద ఎరుపు దీపావళి దాకా ఉండేది" అంది. నేను "నీకూ వెయ్యనా అమ్మా?" అన్నాను. ఎప్పుడూ అనే మాటే అంది, "కుట్టుకునేదాన్ని, నాకెందుకే ఇవన్నీ." మళ్లీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఒక పావుగంట తర్వాత మిషన్ ఆగింది. వచ్చి నా పక్కన కూర్చుని, ఎడమ చెయ్యి చాపి, "ఒక్క వేలికి వెయ్యి. చిటికెన వేలికి. దానికైతే సూది తగలదు" అంది.

ఆ చెయ్యి పట్టుకుంటే తెలిసింది, 6 నెలలు నా వేళ్లకి నూనె రాసిన చేతిని నేను ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదని. గోరు చీలిన చోట చర్మం గట్టిపడిపోయి ఉంది. ముందు కొబ్బరినూనె తెచ్చి రాశాను. తుడిచి, అరగంట ఆగి, ఆ తర్వాత రంగు వేశాను. చిటికెన వేలి మీద తొమ్మిది చుక్కలు పట్టవు, ఐదే పట్టాయి. దాన్ని అమ్మ లైటు కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "గీత వంకర పోయింది, మిగతాది బాగుంది" అంది. టైలర్ కదా, వంకర ఇట్టే కనిపెట్టేస్తుంది.

పండగ అయ్యాక జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన ఆంటీ ఒకరు అమ్మ వేలు చూసి ఎవరు వేశారని అడిగారట. అమ్మ నా పేరు చెప్పిందట. అమ్మ ఆ విషయం నాకు చెప్పలేదు, వాళ్ల అమ్మాయి వచ్చి "నాకూ నేర్పు అక్కా" అంటే తెలిసింది.

ఇదండీ ఈరోజు ఎపిసోడ్. మొదటిసారి చుక్కలు వంకరగా వస్తే చెరిపేసి మళ్లీ పెట్టండి, ఇది రిమూవర్‌తో పోయేదే కదా. మీ గోరు మాత్రం జాగ్రత్త, అది పోతే 6 నెలలు. ముందు మీ చేతికి వేసుకోండి, తర్వాత మీ ఇంట్లో "నాకెందుకే ఇవన్నీ" అనే వాళ్లకి వెయ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో నీళ్లలో పాలిష్ చుక్కలు వేసి చేసే మార్బుల్ డిజైన్‌తో కలుద్దాం. ఉంటాను, బై!