అగరు నాటబోయే రైతుకు



అగరు నాటితే ఎకరాకు కోట్లు వస్తాయన్న మాట మీ చెవిని కూడ పడియుండును. నాటమంటారా, వద్దంటారా అని తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు రైతులు అడుగుతున్నారు. నా జవాబు ఇది: అగరు మీద కాసు రాకపోయినా మీకు కూడు పెట్టగల తోటను ముందు వేసుకోండి. తరువాత అందులో అగరుకు చోటు చూడండి. ఎందుకో చెబుతాను వినండి.

అగరు అస్సాం, త్రిపుర ప్రాంతాల చెట్టు. అక్కడ ఇళ్ల పెరళ్లలో, పోకచెట్ల నడుమ పెంచుతారు. మనం కృష్ణాగరు అంటాము. అది మన కృష్ణమ్మ పేరు కాదు. నల్లని అగరు అని అర్థము. విలువంతా ఆ నలుపులోనే ఉన్నది. ఆరోగ్యంగా పెరిగిన అగరు చెట్టు కలప తెల్లగా, మెత్తగా ఉంటుంది. దానికి సువాసన లేదు, చెప్పుకోదగ్గ వెల లేదు. చెట్టుకు గాయమై, అందులో కొన్ని రకాల బూజు చేరినప్పుడు, దానిని ఎదుర్కొనుటకు చెట్టు జిగురు వంటి పదార్థాన్ని ఊరించుకొంటుంది. ఆ జిగురు పట్టి నల్లబడిన కలపే అగరు. తోటలలో కాండానికి రంధ్రాలు చేసి, ఆ బూజును లోపలికి ఎక్కిస్తారు. జోర్హాటులోని వర్షారణ్య పరిశోధన సంస్థ ఈ విషయమై కృషి చేసింది. అయినా ఎక్కించిన చెట్టుకెల్లా ఒకే తీరున అగరు పట్టదు. కనుక నూరు మొక్కలు నాటి, నూరు చెట్ల ధర లెక్క కట్టరాదు.

ఇక మన నేలల సంగతి. అగరు వేరుకు నీరు నిలిస్తే గిట్టదు. తెనాలి వైపు వరి పండే నల్లరేగడి చేలను చెడగొట్టి అగరు వేయవద్దు. రేపల్లె దిగువన చౌడు నేలలూ దీనికి పనికిరావు. లంక భూములు సారవంతమైనవే. కాని 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద కొల్లిపర, కొల్లూరు లంకలను ముంచెత్తింది. అరటి పోతే ఏడాది కష్టం పోతుంది. ఎనిమిదేండ్ల అగరు పోతే ఎనిమిదేండ్ల కష్టం పోతుంది గదా!

బాపట్ల ఇసుక నేలల్లో నీరు నిలవదు, అది మేలే. అయితే అక్కడ మంచినీరు ఉప్పునీటి మీద పాలమీగడ వలె పలుచగా తేలుతుంది. అందుకే పెద్దలు లోతు బావులు కాక దొరువులు తవ్వుకొన్నారు. మోటారు పెట్టి అదేపనిగా తోడితే ఉప్పు పైకి వస్తుంది. గాలివాన భయము సరేసరి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను, రేపల్లె తీరాన్ని ఊడ్చివేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పదేండ్ల చెట్టు నాటేవాడు ఆ పదేండ్లలో ఒక గాలివాన తప్పదనుకొనే నాటవలెను.

మరి ఎక్కడ వేయవచ్చును? మెరక మీద, మురుగు పోయే దారి ఉన్న కొబ్బరి తోట దీనికి అనువు. లేత అగరుకు నీడ కావాలి. 25 అడుగుల ఎడమున ఎకరానికి 70 లోపు కొబ్బరిచెట్లు ఉంటాయి. నాలుగు చెట్ల నడుమ ఒక అగరు మొక్క చొప్పున, మొదట 30 మొక్కలు వేసి చూడండి, అంతకు మించవద్దు. చుట్టుపట్ల కన్న కాస్త ఎత్తుగా మట్టి పోసి నాటండి. మిగిలిన చోట అరటి, కంద, పసుపు వేసుకోండి. గట్ల మీద అవిసె, మునగ ఉంటే నీడకు నీడ, మేతకు మేత. సముద్రపు గాలి కొట్టే వైపు సరుగుడు రెండు మూడు వరుసలు పెంచండి. నాలుగైదేండ్లకు అది అమ్ముడుపోతుంది. అన్ని వరుసలూ ఒక్కసారే కొట్టించకండి. అగరు ఆకును గుంపుగా తినివేసే గొంగళిపురుగు ఒకటి ఉన్నది. ఆకు అడుగున గుడ్ల గుంపులు కనబడితే ఆ ఆకులను వెంటనే గిల్లి నాశనము చేయండి.

నాటే ముందు ఒక కాగితము తీసుకోండి. పదేండ్లకు పది గళ్లు గీయండి. ప్రతి గడిలో ఆ ఏటి ఖర్చు, కొబ్బరి, అరటి, పసుపు, సరుగుళ్ల మీద వచ్చే రాబడి వేయండి. అగరు రాబడి దగ్గర సున్న చుట్టండి. ఆ సున్నతో కూడ లెక్క నిలబడితే నాటండి. నిలబడకపోతే అది మీకు తగిన పంట కాదు. ఏటేటా మారే కౌలు మీద సేద్యం చేసే సోదరులు ఈ జోలికే పోవద్దు.

మొక్కలు అమ్మవచ్చిన వానిని నాలుగు సంగతులు అడగండి. మొక్క ఏ జాతిది? బూజు ఎక్కించేది ఎవరు, ఖర్చు ఎవరిది? చెట్టు కొనేది ఎవరు, ఏ లెక్కన? అతడు పదేండ్లకు కనబడకపోతే పూచీ ఎవరు? జవాబులు కాగితం మీద లేకపోతే సంతకం చేయకండి, బయానా ఇవ్వకండి. 1990 తరువాత టేకు తోటల పేర డబ్బు వసూలు చేసే కంపెనీలు ఎన్నో వెలిశాయి. వాటిలో చిక్కి నష్టపోయినవారు మన ఊళ్లలోనూ ఉన్నారు. అటువంటి పథకాలకు 1999లో సెబీ కట్టుదిట్టమైన నిబంధనలు పెట్టవలసి వచ్చింది.

మరొక సంగతి. అగరు 1995 నుండి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలో ఉన్నది. విదేశానికి పంపాలంటే అనుమతి పత్రాలు కావాలి. అందుచేత మొక్కలు కొన్న రసీదులు దాచండి, చెట్లను అడంగల్లో ఎక్కించమని అడగండి. నరకటానికి, తరలించటానికి గల నిబంధనలను అటవీ శాఖ వారి వద్ద ముందే తెలుసుకోండి. మట్టి, నీరు పరీక్ష చేయించకుండా మాత్రం గుంట తీయవద్దు.

అగరు వస్తే మంచిదే, దేవుని గదికి ధూపము, మీకు నాలుగు రాళ్లు. రాకపోయినా పొయ్యి మీద కుండ చల్లారకూడదు. పథకమంటే అదే.